నల్లకారు మీద మసక

మొన్న బెంగళూరు నుంచి వస్తూ చిక్కబళ్ళాపురం దగ్గర కాఫీకి ఆగాము. హోటలు పక్కనే కార్లు కడిగి మెరుగుపెట్టే అంగడి ఒకటుంది. అందులో పనిచేసే మనిషి ఒక నల్లకారు ముందు నిలబడి, చేతులు వెనక్కు కట్టుకుని, మెడ ఓరగా వాల్చి, ఒక కన్ను మూసి బానెట్‌ను చూస్తున్నాడు. కోడి ఆకాశంలో గద్దను చూసినట్టు. నా చేతిలో కాఫీ అట్లాగే ఆగిపోయింది.

"ఏం చూస్తాండావప్పా?" అని దగ్గరికి వెళ్ళి అడిగాను.

"గీతలు సార్. సాలెగూడు మాదిరి. ఎవురో ఎండలో పెట్టి మైనం రుద్దినారు. దాని మింద మసక గూడా పట్టుకునుండాది," అన్నాడు విసుగ్గా.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆ మనిషి నన్నూ, నాతో వచ్చిన మావాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. పెద్దాయనకు ఏమైంది అన్నట్టు. ఏమని చెప్పేది? ఆ గీతలను, ఆ మసకను పోగొట్టడానికి చింతామణిలో ఒక మనిషి వ్యాపారాన్నీ, పెళ్ళాన్నీ, చివరికి మొలతాడునూ పక్కనబెట్టాడని చెబితే నమ్ముతాడా?

ఆ మనిషి మా బావ. అక్క మొగుడు.

అప్పట్లో నాకు చింతామణి ప్రైమరీ బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. పెళ్ళి కాలేదు కాబట్టి అక్కావాళ్ళ ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావది చింతపండు వ్యాపారం. ఇల్లు ముందర, గోదాము వెనక. ఆ ఇంట్లో గాలి కూడా పుల్లగా ఉండేది. బావ పొట్టిగా, గుండ్రంగా ఉండి, ఏదో పారేసుకున్నవాడిలా నేల చూస్తూ నడిచేవాడు. నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "మేష్ట్రా" అనేవాడు. ఆ పిలుపులో గౌరవమెంతో, వెటకారమెంతో నాకు ఎప్పటికీ తేలలేదు.

నల్లకారు వచ్చాక ఆయన తలెత్తి నడవడం నేర్చుకున్నాడు.

బెంగళూరులో ఎవరో రిటైరైన ఆఫీసరు అమ్మేస్తుంటే కొన్నాడు. పాతదే అయినా కొత్త కాటుకలా నిగనిగలాడుతూ వచ్చింది. బజారులోని సావుకార్లందరూ వచ్చి దాంట్లో మొహాలు చూసుకుని, మీసాలు సర్దుకుని పోయారు. బావకు నడపడం రాదు. సంతబజారులో ఒక లారీ డ్రైవరును పట్టుకుని నాకు నేర్పించాడు.

"నువ్వే నేర్చుకోరాదా బావా?" అన్నాను.

"నేను లోపల కూర్చుంటే బయట ఎట్లుండాదో నాకెట్ల అగుపడుతుందప్పా?" అన్నాడు.

పొద్దున్నే నేను కారును గోదాము నుంచి వీధిలోకి తెచ్చి నిలబెట్టాలి. బావ చుట్టూ తిరిగి చూసుకుంటాడు. బడికి పోయేముందు మళ్ళీ లోపల పెట్టాలి. కొత్తలో దారినపోయేవాళ్ళు అడిగేవారు.

"సావుకారప్పా, కారు యాడికో పోతాండాదే?"

"ఎండలోకి."

"ఆమీద?"

"నీడలోకి."

అంతే దాని ప్రయాణం. అక్క కైవారం దేవళానికి పోవాలంటే బస్సుకే పోయేది. బస్సు కోసం నిలబడినప్పుడు ఇరుగమ్మ పొరుగమ్మ ఎవరైనా కారు మాట ఎత్తితే, "మా ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళుండాములేమ్మా. ఆ నల్లదాన్ని చూసేదానికే ఆయనకు పొద్దు చాలదు, ఈ తెల్లదాన్ని ఎప్పుడు చూస్తాడు?" అనేది.

అసలు కథ మైనం డబ్బాతో మొదలైంది.

కారుతో పాటు ఆఫీసరు ఒక మైనం డబ్బా ఇచ్చాడు. కొన్ని నెలలకు కారు నిగారింపు కొంచెం తగ్గినట్టు బావకు అనుమానమొచ్చింది. డబ్బా మీద ఇంగ్లీషులో ఏముందో చదవమన్నాడు. "నీడలో పూయాల. రవ్వంతే పూయాల. ఆరక ముందే మెత్తని గుడ్డతో తుడిచేయాల," అని చదివి చెప్పాను.

"రవ్వంతెందుకప్పా, మనమేం లేనోళ్ళమా? ఇంగ నీడలో పూస్తే ఎవురు చూస్తారు?" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం నడివీధిలో కారు పెట్టించి, డబ్బా మొత్తం దోసెపిండిలా పామేశాడు. రేకు అప్పటికే పెనంలా కాలుతోంది. పూసింది పూసినట్టే ఆరి, తెల్లగా బిగుసుకుపోయింది. తుడిస్తే కొంత వచ్చింది, కొంత రానేలేదు. కారంతా తెల్లటి మసక. ఎదురింటి ముసలమ్మ అరుగు మీది నుంచి చూసి, "అయ్యో నాయనా, కారుకు అమ్మవారు పోసిందా?" అంది. ఆమెకు చెముడు. బావ కోపంగా ఇచ్చిన జవాబు వినబడక, లోపలికి పోయి వేపాకు తెచ్చిచ్చింది.

బావ ఆ వేపాకు చేతిలో పట్టుకునే కాసేపు ఆలోచించాడు. తర్వాత అక్కను పిలిచాడు.

"ఇత్తడి బిందెలు దేంతో తోముతావు నువ్వు?"

"చింతపండుతో. రవ్వంత బూడిదేసి."

చింతపండు! ఆయన మొహం వెలిగిపోయింది. గోదాము నిండా ఉన్నది అదే.

"అవి బిందెలు, ఇది కారు," అంది అక్క.

"రెండూ తళతళ మెరిసేవే గదా."

కొబ్బరిపీచు, చింతపండు, పొయ్యిలో బూడిద. అక్క బిందె తోమినట్టే గుండ్రంగా, గుండ్రంగా, పండ్లు బిగబట్టి సాయంత్రం దాకా తోమాడు. మసక చాలావరకు పోయింది. నీళ్ళు పోసి కడిగి, దూరం జరిగి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వాలుతున్న ఎండ బానెట్ మీద పడింది. ఆ నలుపు నిండా గీతలు. ఒకదాన్నొకటి చుట్టుకున్న సన్నటి సున్నాలు. ఊళ్ళోని సాలెపురుగులన్నీ వచ్చి ఒకే చోట కాపురం పెట్టినట్టు.

బావ వీధిలోనే చతికిలబడ్డాడు.

"మేష్ట్రా, మా అన్న చెప్పింది నిజమే," అన్నాడు.

ఆయన అన్న బాగేపల్లిలో ఉన్నాడని నాకు తెలుసు. ఇద్దరికీ మాటలు లేవనీ తెలుసు. ఎందుకు లేవో ఆ సాయంత్రమే తెలిసింది. వాళ్ళ నాయన పోయాక బాగేపల్లి అంగడిని అన్నదమ్ములిద్దరూ చూసుకునేవారు. అన్నది డేగకన్ను. తక్కెడ పళ్ళెంలోనైనా, కిటికీ ఊచ మీదనైనా వేలు పెట్టి తీసి, ఆ వేలు తమ్ముడి ముక్కు ముందు పెట్టేవాడు. ఏమీ అంటుకోకపోయినా పెట్టేవాడు. ఒకరోజు సంతకు వచ్చిన జనమంతా ఉండగా, "నీ చేతికి ఏమిచ్చినా మసకేరా. సూర్యుణ్ణి తెచ్చి నీ చేతికిచ్చినా అమావాస్యే," అన్నాడట. అందరూ నవ్వారు. మిట్టేమరి నుంచి వచ్చిన రైతులు ఆ పొద్దు నుంచే బావను మసకప్పా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ నెలలోనే బావ అక్కను తీసుకుని చింతామణికి వచ్చేశాడు.

"ఈ కారును బాగేపల్లికి తీసుకుపోయి ఆయన అరుగు ముందర నిలబెట్టాల. ఆయన చుట్టూ తిరిగి చూడాల. వేలు పెట్టాల. వంక దొరక్కూడదు. దానికే కొన్నా దీన్ని. ఇప్పుడు చూడు, నా కారు నిండా సున్నాలే."

బడిలో నేను పిల్లలకు వేసే సున్నాలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. బావ కళ్ళలో నీళ్ళు చూసి మింగేశాను.

ఆ మర్నాటి నుంచి బావ మరో మనిషైపోయాడు. గీతలను చూడడం ఒకసారి అలవాటయ్యాక ఆ కంటికి ఇంకేమీ ఆనలేదు. అన్నానికి కూర్చుంటే వడ్డించక ముందే కంచాన్ని దీపానికి అడ్డంగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. బాకీదారు వచ్చి ఏడుస్తుంటే, బావ అతని కళ్ళద్దాల మీది గీతలు చూసేవాడు. ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకు అందరూ అక్షింతలు వేస్తుంటే, బావ మాత్రం పురోహితుడి బట్టతల వైపు మెడ వాల్చి నిలబడిపోయాడు. తర్వాత నా చెవిలో, "ఒక గీత లేదు మేష్ట్రా. ఏం పూస్తాడో కనుక్కో," అన్నాడు. నేను కనుక్కోలేదు. ఆయనే కనుక్కున్నాడు. ఆముదమట.

కారుకు ఆముదం పూశాడు. గీతలు మాయమయ్యాయి. బావ గంతులేసినంత పనిచేశాడు. ఒక పూట గడిచేసరికి చింతామణి బజారు దుమ్మంతా వచ్చి దానికి అంటుకుని, కారుకు బొచ్చు మొలిచినట్టయింది. ఆ దుమ్ము తుడిస్తే కొత్త గీతలు. "నూనె గీతను దాస్తాది గాని తీయదు," అని ఆ పొద్దు కనిపెట్టాడు. తర్వాత ఆ మాట మనుషులకు కూడా వాడేవాడు. ఎవరైనా మరీ నున్నగా మాట్లాడితే, వాళ్ళు పోయాక, "నూనె పూసుకుని వచ్చినాడు," అనేవాడు.

అట్లా ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. తప్పు చేయనిదే ఏదీ నేర్చుకోలేదు. పాత మైనం పోవాలంటే కిరసనాయిలు తడిపిన గుడ్డ అద్దాలని, రేకు చల్లగా ఉంటేనే ముట్టుకోవాలని, ఒక రేకు పలక ముగిశాకే ఇంకో పలక పట్టాలని. "కొంచెమైతే అందం, శానా అయితే మందం," అనేవాడు, ఆ డబ్బా మొత్తం పామింది తాను కానట్టు. చెయ్యి గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానేశాడు. "తిప్పేది తిరగలి పని. మనిషి చెయ్యి నేరుగా పోయి నేరుగా రావాల." ఆ పట్టు ఎంతదాకా పోయిందంటే, దేవుడికి హారతి కూడా ముందుకూ వెనక్కూ ఇవ్వబోయాడు. అక్క పళ్ళెం లాక్కుంది.

చేతి ఉంగరం గీస్తుందని తీసేశాడు. చొక్కా బొత్తాలు గీస్తాయని చొక్కా విప్పేశాడు. ఒకరోజు వంగి తుడుస్తుంటే నడుముకున్న వెండి మొలతాడు తలుపు రేకుకు తగిలి చిన్న చప్పుడైంది. బావ ఉలిక్కిపడి దాన్నీ తీసి గూట్లో పెట్టాడు. అక్క చూసి లబోదిబోమంది.

"పెళ్ళాం సచ్చినోడు తప్ప మొగోడు మొలతాడు తీసేది యాడన్నా ఉండాదా? నేనింకా బతికే ఉండా గదా!"

"నీకేం కాదులే. దానికే ఏమన్నా అయితే కష్టం."

అక్క ఆ పూట పొయ్యి వెలిగించలేదు. చివరికి నూలుదారం కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. అది కూడా చెంపకు రుద్ది, మెత్తగా ఉందని తేలాకే.

గుడ్డల సంగతి మరీ ఘోరం. కొత్త గుడ్డ గరుకు. పాతదైనా కుట్టు తగిలితే గీత. ఏ గుడ్డ దొరికినా కనురెప్ప మీద రుద్దుకుని చూసేవాడు. అక్క పాత చీరలు, నా పంచెలు అన్నీ పరీక్షలో తప్పాయి. ఎక్కడ తట్టిందో, పసిపిల్లల లంగోటీల మీద పడింది ఆయన కన్ను. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ అది. పిల్లలున్న ఇళ్ళకు పోయి, "ఏమ్మా, మీవోడు లంగోటీలు వదిలేసినాడా?" అని అడగడం మొదలుపెట్టాడు. పెళ్ళై ఏళ్ళు గడిచినా అక్కకు సంతానం లేదని ఊరంతటికీ తెలుసు. ఇక చూసుకోండి. ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి అక్క చేతులు పట్టుకుని, "ఎన్నో నెలమ్మా?" అని అడిగారు. ఒకామె దిబ్బూరహళ్ళి నుంచి, కడుపుతో ఉన్నవాళ్ళకు పెట్టే తీపి చిమ్మిరుండలు కట్టుకొచ్చింది.

ఆ రాత్రి అక్క ఏడుస్తుందేమో అని నేను భయపడ్డాను. ఏడవలేదు. ఉండ కొరికి నములుతూ, "కారుకు అని చెబితే బాగుండదు గదరా. అందుకే తింటాండా," అంది. బావ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మర్నాడు పొద్దున కారు దగ్గరికి పోలేదు. అక్కను వెంటబెట్టుకుని కైవారం పోయాడు. బస్సులోనే.

గీతలు అసలు పోయింది మాత్రం అక్క వల్లే. ఒకరోజు ఆమె అప్పడాల పిండికోసమో దేనికో గిన్నెలో నీళ్ళు తేర్చుతోంది. నలకలు అడుగుకు పోయాయి. పైనున్న తెల్లటి నీళ్ళను ఇంకో గిన్నెలోకి వంచింది. బావ అది చూసి, పళ్ళు తోముకునే పండ్లపొడి డబ్బా తెచ్చి నీళ్ళలో కలిపాడు. గరుకంతా అడుగున పడనిచ్చి, పైతేటను వంచి, అది మళ్ళీ పేరుకునేదాకా కదలకుండా కూర్చున్నాడు. చివరికి అడుగున మిగిలింది కంటికాటుకంత మెత్తటి సుద్ద. దాన్ని చుక్క నూనెతో, లంగోటీ గుడ్డతో, నేరుగా ముందుకూ వెనక్కూ, ఒత్తీ ఒత్తనట్టు రుద్దాడు. అరచేయంత చోటు. తుడిచి, ఎండలోకి తోయించి, మెడ వాల్చి ఒక కన్ను మూశాడు.

ఇంకో కన్ను మూసి మళ్ళీ చూశాడు. తర్వాత, "మేష్ట్రా, నువ్వు చూడు. నా కన్ను నాకే అబద్ధం చెబుతాందేమో," అన్నాడు.

ఆ అరచేయంత చోట ఒక్క సున్నా లేదు. దాంట్లో నా మొహం ఎంత స్పష్టంగా కనబడిందంటే, గడ్డం సరిగా గీసుకోలేదని అప్పుడే తెలిసింది.

కారంతా అట్లా చేయడానికి ఆ ఎండాకాలం మొత్తం పట్టింది. చేశాక కూడా బాగేపల్లికి పోలేదు. "రేపు పోదాం" అనేవాడు. రేపటికి ఏదో ఒకటి దొరికేది. మంచుచుక్క మచ్చ. పిల్లి అడుగు. ఒకసారి ఏమీ దొరక్కపోతే, ఏమీ దొరకలేదంటేనే తన కన్ను సరిగా లేదని అర్థం, మళ్ళీ చూడాలి అన్నాడు. ఆయనకు అన్న దగ్గరికి పోవాలని ఎంత ఉందో, పోవాలంటే అంత భయంగానూ ఉందని నాకప్పటికి అర్థమైంది.

అట్లాంటప్పుడు మిట్టేమరి నుంచి చింతపండు బండ్లతో వచ్చిన రైతు ఒకాయన కబురు తెచ్చాడు. బాగేపల్లి నుంచి బావ అన్న పెళ్ళాం చెప్పి పంపిన కబురు.

"పెద్దాయనకు రెండు కండ్లకూ పొరలొచ్చినాయంట. మనిషి అగుపడడు. ఆపరేషన్‌కు బెంగళూరు పొమ్మంటే, బస్సులో నలుగురూ చెయ్యి పట్టుకుని దించేది నాకొద్దంటాడంట. కదలకుండా ఉండాడు."

బావ మొహం పాలిపోయింది. మొదట నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"అయితే కారు అగుపడదా?"

అక్క నుదురు కొట్టుకుంది. బావ గోదాములోకి పోయి కారు పక్కన మూట మీద కూర్చున్నాడు. నేను పోయేసరికి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. "ఇన్నాళ్ళు ఎవురి కండ్లకు బెదిరి రుద్దినా నేను? ఆ కండ్లే పోతే ఇంగ ఎవురికి చూపించేది?" ఉన్నట్టుండి లేచాడు. "కండ్లు బాగు చేయించాల్సిందే మేష్ట్రా. రేపు పొద్దున్నే బండి తీయి."

అట్లా ఆ కారు మొదటిసారి ఊరు దాటింది.

చేలూరు మీదుగా పోయాము. ఎర్రమట్టి దోవ. బావ వెనక సీట్లో కూర్చుని, దుమ్ము లేచినప్పుడల్లా తనకే దెబ్బ తగిలినట్టు "స్‌స్‌" అనేవాడు. బాగేపల్లి పొలిమేరలో వాగు కనబడగానే ఆపమన్నాడు. నీళ్ళు మోసి, కడిగి, నీడలోకి తోసి, తుడిచి, మైనం పట్టించాడు. చూపులేని మనిషి దగ్గరికి పోతున్నామని నేను గుర్తు చేశాను. "ఆయనకు అగుపడకపోతే మాత్రం? ఆయన ఇంటి ముందర నిలబడాల్సింది గదా," అన్నాడు.

పెద్దాయన అరుగు మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కారు ఆగిన చప్పుడుకు తల ఇటు తిప్పాడు. ఎంత పెద్ద మనిషో అనుకున్నాను ఇన్నాళ్ళూ. బావలాగే పొట్టి, బావలాగే గుండ్రం.

"ఎవురు?"

బావ కారు దిగి అరుగు దగ్గరికి పోయాడు. "నేనే అన్నా," అన్నాడు.

పెద్దాయన కాసేపు ఆ గొంతును లోపల వెతుక్కున్నాడు. "మసకోడివా?"

"అవునన్నా."

"బాగుండావా?"

"బాగుండా."

అన్ని సంవత్సరాల పగ అక్కడితో అయిపోయింది. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే పెద్దాయన మళ్ళీ, "ఏందో కారు శబ్దమైందే. ఎవురిదిరా?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసమే గదా ఇంత చేసింది. నేను బావ వైపు చూశాను. ఆయన కారు వైపు చూశాడు.

"బాడిగదన్నా," అన్నాడు.

నేను నోరెళ్ళబెట్టాను. బావ నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పాడు. "నాదంటే ఎక్కడు మేష్ట్రా. ఆయనకు నా సొమ్ము ఒంటికి పడదు. బాడిగదంటే ఎక్కుతాడు. నువ్వు డ్రైవరు. నోరు తెరవొద్దు."

ఎప్పుడో అక్కాబావల పెళ్ళిలో నిక్కరేసుకుని తిరిగిన నన్ను చూశాడే తప్ప ఆయన నన్ను ఎరగడు. కాబట్టి బెంగళూరు దాకా నేను మాట్లాడని డ్రైవర్నే. పెద్దాయన తీరుబడిగా ఎక్కి కూర్చుని, నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. "బాడిగ కారోళ్ళు గుంతల్ని వెతికి మరీ ఎక్కిస్తారురా." "హారన్ కొట్టేదానికి వీనికి చేతులు రావా?" చిక్కబళ్ళాపురం దాటాక ఆకులు, వక్క తీశాడు. సున్నం రాసుకున్నాడు. రాసుకున్నాక, వేలికి మిగిలిన సున్నాన్ని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు రేకుకు పూసేశాడు.

అద్దంలో బావ మొహం చూశాను. ఒక చేత్తో తన నోరు తానే మూసుకుని ఉన్నాడు.

"ఏమైందిరా, మూలుగుతాండావు?"

"ఏం లేదన్నా. సున్నం... కారుకు..."

"బాడిగ కారే గదా!" అని ఇంకో వేలు కూడా పూశాడు.

ఆపరేషన్ అయ్యాక పెద్దాయనను కొన్నాళ్ళు తల కదపకుండా పడుకోబెట్టారు. నేను బడికి సెలవు పెట్టి వాళ్ళతోనే ఉన్నాను. బావ అన్నకు అన్నం తినిపించేవాడు, వీపు తుడిచేవాడు. ఆయన కునుకు తీయగానే బయటికి పరుగెత్తుకొచ్చి ఆసుపత్రి ఆవరణలో సున్నం మచ్చ దగ్గర కూర్చునేవాడు. సున్నం రంగును తినేసి మసక చేసింది. మళ్ళీ సుద్ద, మళ్ళీ లంగోటీ గుడ్డ. రోగుల తోడు వచ్చినవాళ్ళు చుట్టూ చేరి చూసేవారు. ఒకామె కన్నడంలో, "ఈ కారుకు కూడా కంటి ఆపరేషనా?" అంది. బావ తలెత్తకుండానే "అవునమ్మా" అన్నాడు. అడిగింది వినబడలేదో, నిజంగానే అన్నాడో తెలియదు.

కట్లు విప్పి, ఇంటికి పంపి, కొన్ని వారాలకు కళ్ళజోడు కోసం మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ అదే బాడిగ కారు, అదే డ్రైవరు. ఈసారి బావ నాకు ఖాకీ చొక్కా కుట్టించాడు.

ఆ రోజుల్లో కంట్లో పొర తీసినవాళ్ళకు ఇచ్చే అద్దాలు సీసా అడుగంత మందం. అవి పెట్టుకుంటే చీమ కూడా గొంగళిపురుగంత కనబడుతుంది. పెద్దాయన అవి పెట్టుకుని, మెట్ల మీద నిలబడి, ఆకాశాన్ని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. "లావైనావురా," అన్నాడు. తర్వాత ఎదురుగా ఎండలో నిలబెట్టిన కారును చూశాడు.

మెట్లు దిగి దాని దగ్గరికి వచ్చాడు. చేతులు వెనక్కు కట్టుకున్నాడు. మెడ ఓరగా వాల్చాడు. ఒక కన్ను మూశాడు. ఆ చూపు బావకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

బానెట్ అయింది. చక్రాల మీది రెక్కలయ్యాయి. తలుపులు ఒక్కొక్కటే అయ్యాయి. ఒకచోట వంగి, అద్దాలు రేకుకు తగిలేటంత దగ్గరగా పోయాడు. బావ నా ఖాకీ చొక్కా చేతిని పట్టుకున్నాడు. పెద్దాయన వేలు చాపి రేకు మీద అడ్డంగా గీసి, ఎత్తి, అద్దాల ముందు పెట్టుకుని చూశాడు. ఆ వేలు ఎవరి ముక్కు ముందుకూ రాలేదు. పంచెకు తుడుచుకున్నాడు.

"ఏమప్పా డ్రైవరూ, ఈ కారు యజమాని ఎవురు?"

నోరు తెరవొద్దన్న మాట మరిచిపోయి, "చింతామణిలో ఒక చింతపండు సావుకారు," అనేశాను.

బావ చెయ్యి బిగుసుకుంది. పెద్దాయన ఆ లావాటి అద్దాల వెనక, కోడిగుడ్లంత కళ్ళను మెల్లగా తమ్ముడి వైపు తిప్పాడు. అక్కడే కాసేపు ఉంచాడు. మళ్ళీ నా వైపు తిప్పాడు.

"వాడు పిచ్చోడై ఉంటాడు. ఇట్లాంటి పని పిచ్చోడు తప్ప ఎవుడూ చేయడు. నా కండ్లెట్లాంటివో బాగేపల్లిలో అడుగు. తిరిగి తిరిగి చూసినా ఒక్క వంక దొరకలేదని చెప్పు వానితో. చెబుతావా?"

"చెబుతానయ్యా."

"మరిచిపోవద్దు," అని కారెక్కాడు. దోవలో ఆకులు నమిలినప్పుడు సున్నం వేలిని తన పంచెకే తుడుచుకున్నాడు.

పెద్దాయనను బాగేపల్లిలో దించి, భోంచేసి, మేమిద్దరం చింతామణికి బయలుదేరాము. బావ ఎప్పుడూ లేనిది ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ఊరు దాటేదాకా ఉగ్గబట్టుకుని, "ఏమన్నాడు మేష్ట్రా?" అన్నాడు.

"విన్నావు గదా బావా."

"నాకు చెప్పమని నీకు గదా చెప్పింది. చెప్పు."

చెప్పాను. చేలూరు దగ్గర మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. "అట్ల గాదు, పిచ్చోడు అనేటప్పుడు ఆయన రవ్వంత నిలిపినాడు," అన్నాడు. నిలిపి చెప్పాను. దోవ పొడుగునా ఎర్రదుమ్ము లేచి కారంతా కప్పేస్తుంటే ఆయన ఒక్కసారి కూడా కిటికీలోంచి చూడలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అక్క గడపలోనే నిలబడి ఉంది. దుమ్ముకొట్టుకుపోయిన కారును చూసి బెదిరిపోయి, "ఏమైందిరా? ఆయన ఏమన్నాడు?" అని అడిగింది.

బావ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు.

"చెప్పు మేష్ట్రా. ఆయన గొంతుతోనే చెప్పు."